సవరణ: చివర ఎల్, వై ఉన్నంత మాత్రాన ఆడ్వర్బ్ కాదు

అమలాపురం వైపు పదో తరగతి పిల్లల కోసం మొన్న పెట్టిన ఇంగ్లీషు గ్రామర్ పోస్టులో ‘పదం చివర ఎల్, వై ఉంటే ఆడ్వర్బ్, లేకపోతే అడ్జెక్టివ్’ అని ఉంది. ఆ గుర్తు అన్నిచోట్లా పనిచేయదు. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ అడ్జెక్టివ్‌లే. ఆ పదం దేని గురించి చెబుతోందో చూడండి. నామవాచకం గురించైతే అడ్జెక్టివ్; క్రియ, అడ్జెక్టివ్ లేదా మరో ఆడ్వర్బ్ గురించైతే ఆడ్వర్బ్. ‘ఫాస్ట్ కరెంట్’లో ఫాస్ట్ అడ్జెక్టివ్, ‘గోదావరి ఫ్లోస్ ఫాస్ట్’లో ఆడ్వర్బ్.

అసలు ప్రమాదం హార్డ్ దగ్గరుంది. వరి చేలో నాన్న పడే కష్టం గురించి రాస్తూ ‘మై ఫాదర్ హార్డ్లీ వర్క్స్’ అంటే, ఆయన దాదాపు పనే చేయడన్నట్టు! పాపం, రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి. ‘వర్క్స్ హార్డ్’ అనే రాయాలి.

ఇంకొకటి. ‘ఆత్రేయపురం పూతరేకులు టేస్ట్ స్వీట్’ సరైనది, స్వీట్లీ కాదు. తీపి పూతరేకులది, రుచి చూసే పనిది కాదు. స్మెల్, లుక్, ఫీల్ కూడా ఈ అర్థంలో వస్తే ఇంతే. కానీ ఎవరైనా జాగ్రత్తగా రుచి చూస్తే అది చేసే పని, అక్కడ కేర్‌ఫుల్లీ రావాలి. పాత పోస్టును నోట్సులో ఎక్కించుకున్నవాళ్లు ఆ వాక్యం కొట్టేయండి.