‘ఎర్రగా వేయించాలి’ అంటే ఎంతసేపు?

వంటల పుస్తకాల్లోనూ, ఫోన్‌లో చూసే వంటల వీడియోల్లోనూ ఒక వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ‘ఉల్లిపాయ ముక్కలు వేసి, అయిదు నిమిషాలు ఎర్రగా వేయించాలి.’ ఈ వాక్యం మీద నాకు చాలా ఏళ్లుగా కోపం ఉంది. అయిదు నిమిషాల్లో ఉల్లిపాయ ఎర్రబడదు. మంట పెంచితే అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. చదువు కోసమో ఉద్యోగం కోసమో ఇల్లు విడిచి వచ్చి, మొదటిసారి గరిటె పట్టుకున్న పిల్లలు ఈ మాట నమ్మి వండుతారు. కూరకు రుచి రాకపోతే తమ చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం ఆ వాక్యంలో ఉంది.

ఉల్లిపాయ బరువులో దాదాపు 89 శాతం నీరే. ఆ నీరు ఉన్నంతసేపూ ముక్కల వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. ఎర్రటి రంగూ, కమ్మటి వాసనా రావాలంటే ఉల్లిలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మారాలి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో వివరించిన చర్య ఇదే. ఇది చురుగ్గా సాగాలంటే వేడి సుమారు 140 డిగ్రీలకు చేరాలి. అంటే ముందు నీరు ఇగిరిపోవాలి, దానికి పట్టే సమయం పట్టి తీరుతుంది. చిటికెడు వంటసోడా వేస్తే రంగు తొందరగా వస్తుంది, నిజమే. కానీ ముక్క జావలా అయిపోతుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు.

తెలుగులో ఈ దశలన్నిటికీ విడివిడిగా మాటలున్నాయి. మెత్తబడటం, మగ్గటం, దోరగా వేగటం, ఎర్రబడటం, కరకరలాడటం. ఒక్కో మాట వెనుక ఒక్కో రుచి ఉంది. పప్పులోకి మగ్గితే చాలు. చిక్కటి కూరకు ఎర్రబడాలి. ఇన్ని మాటలు చేతిలో ఉండగా, అన్నిటినీ ‘వేయించాలి’ అన్న ఒక్క మాటలో కలిపేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మొన్న ఆదివారం కిలో ఉల్లిపాయలు నిలువుగా తరిగి, వెడల్పాటి బాణలిలో మూడు చెంచాల నూనె, ఒక టీ చెంచా ఉప్పు వేసి, గడియారం చూస్తూ వండాను. ఉప్పు నీటిని బయటికి లాగింది. మొదటి పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే ముక్కలు పారదర్శకంగా మారాయి, ఘాటు మాత్రం అలాగే ఉంది. మూత తీసి మంట తగ్గించాను. ఇరవై నిమిషాలకు బాణలి నిండా ఉన్నది సగానికి దిగింది, వాసనలో తీపి మొదలైంది. అరగంట దాటాక అడుగున గోధుమరంగు పొర పట్టింది. అది మాడు కాదు, రుచంతా అక్కడే ఉంటుంది. ఒక చెంచా నీళ్లు చల్లి అట్లకాడతో గీరితే ఆ రంగంతా ముక్కలకు పట్టుకుంది. అలా మూడుసార్లు చేశాను. నలభై ఎనిమిదో నిమిషానికి ముదురు బెల్లం రంగు వచ్చింది. కిలో ఉల్లి ఒక చిన్న గిన్నెలోకి సరిపోయింది.

ప్రతిరోజూ ఇంత సమయం ఎవరికీ ఉండదు. అందుకే వారానికోసారి ఒకేసారి వండి పెట్టుకోమంటాను. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటుంది. ఐసు ముక్కల ట్రేలో పోసి గడ్డకట్టిస్తే నెలకు పైగా వాడుకోవచ్చు. పని నుంచి అలసి వచ్చిన రాత్రి ఒక ముక్క తీసి ఉడికిన పప్పులో వేసినా, ఆమ్లెట్‌లో కలిపినా, వేడి సూప్‌లో జారవిడిచినా ఆ పూట భోజనమే మారిపోతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. టమాటా, చింతపండు, నిమ్మరసం, పెరుగు వంటి పులుపు ఏదైనా సరే, ఉల్లి మెత్తబడకముందే వేస్తే ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా ముక్క బిరుసుగానే ఉంటుంది. కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను పులుపు తొందరగా కరగనివ్వదు. ‘ఉల్లి, టమాటా కలిపి వేయండి’ అని రాసేవారికి ఈ సంగతి గట్టిగా చెప్పాలని ఉంటుంది. ముక్కలు విడిగా పంటికి తగలాలని కోరుకునే వంటల్లో మాత్రం అదే పులుపును ముందే వేయవచ్చు, తప్పు లేదు.

తరిగే తీరులోనూ తేడా ఉంది. తొడిమ నుంచి వేరు వైపుగా నిలువుగా తరిగితే ముక్క ఆకారం నిలుస్తుంది. అడ్డంగా చక్రాలుగా కోస్తే తొందరగా కరిగిపోతుంది. కరకరలాడే ఉల్లి కావాలంటే ముక్కలన్నీ ఒకే మందంలో సన్నగా ఉండాలి, అనుకున్న రంగుకు ఒక మెట్టు ముందే నూనెలోంచి తీసేయాలి. బయటికి తీశాక కూడా ఆ వేడికి రంగు ముదురుతూనే ఉంటుంది. ముద్ద కావాలంటే ముందు మగ్గించి, తర్వాత రుబ్బండి. పచ్చి ఉల్లి రుబ్బి పెడితే ముద్ద చేదెక్కుతుంది.

పచ్చిగా తినేవారు తినే ముందే తరుక్కోవాలి. కోసిన క్షణంలోనే కణాలు చిట్లి, కన్నీరు తెప్పించే వాయువు పుడుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైమును జపాన్ శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు. కత్తి పదునుగా ఉంటే చిట్లే కణాలు తక్కువ, ఉల్లి చల్లగా ఉంటే ఎంజైము నెమ్మదిస్తుంది. తరిగిన ముక్కలను పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేసి తీస్తే ఘాటు తగ్గుతుంది. ఎర్ర ఉల్లి మీద నిమ్మరసం పిండితే వచ్చే గులాబీ రంగు నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మన పత్రిక వంటల పేజీకి రాసేవారికి ఒక విన్నపం. ‘ఎర్రగా వేయించాలి’ అని ఆపేయకండి. ఎన్ని ఉల్లిపాయలు తీసుకున్నారో, బాణలి ఎంత వెడల్పో, మంట ఎంత పెట్టారో, మీ వంటింటి గడియారంలో ఎన్ని నిమిషాలు గడిచాయో రాయండి. నలభై అయితే నలభై అనే రాయండి.