పెన్‌డ్రైవ్ హత్య: సంప్రదాయ పద్ధతులు

బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో పెన్‌డ్రైవ్ దానంతట అది చావడం అరుదు. చుట్టూ చేరిన సలహాదారులే ఆ పుణ్యం కట్టుకుంటారు. అంతస్తుకు నలుగురు ఇంజనీర్లున్న చోట ఇది సబబే.

ఆచారం ఇది: అక్క పెళ్లి ఉన్న 64 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టగానే విండోస్ ఫార్మాట్ చేయమంటుంది. "కొట్టెయ్ మామా, క్విక్ ఫార్మాటే కదా" అంటాడు మొదటి సలహాదారు. రెండోవాడు లైనక్స్ పండితుడు, ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్ నడుపుతాడు. బాగుచేసే వంకతో అది ఆ పెన్‌డ్రైవ్‌లోనే రాస్తుంది, ఉన్న ఆనవాళ్లూ చెరుపుతుంది. మూడోవాడు పీకి పెడుతుంటాడు.

సంప్రదాయ ద్రోహుల కోసం, అంటే పెళ్లిని బతికించుకోవాలనుకునేవారి కోసం, మిగతా సంగతులు. ముందు ఆటోమౌంట్ (పెట్టగానే డ్రైవ్ దానంతట అది తెరుచుకోవడం) ఆపాలి. లైనక్స్‌లో డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌లో సైజు 59 జీబీ దరిదాపుల్లో కనిపిస్తే ఆశ ఉంది (అట్ట మీది 64 వెయ్యి చొప్పున వేసిన దశాంశ లెక్క, కమాండ్‌ది 1024 చొప్పున). సున్నా కనిపిస్తే డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ పోయి ఉంటుంది. ఇక కమాండ్లు కావు, మెమరీ చిప్ ఊడదీసి చదివే ల్యాబ్ కావాలి.

తర్వాత మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే డ్రైవ్‌కు అచ్చుగుద్దిన ఒకే ఫైల్‌గా, దింపాలి. కాపీ చేసే మామూలు కమాండ్ డీడీ మొదటి చెడ్డ సెక్టార్ దగ్గరే చేతులెత్తేస్తుంది. పైగా ఇంకో డిస్క్ మీదికి నేరుగా దింపేటప్పుడు ఐఎఫ్ (ఎక్కడి నుంచి), ఓఎఫ్ (ఎక్కడికి) తారుమారైతే, ఖాళీ డిస్క్‌లోని శూన్యమంతా పెళ్లి మీదకు శ్రద్ధగా కాపీ అవుతుంది. కావలసింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్‌లో మాత్రం ముందున్న జీ ఉండదు. మొదటి విడత హైఫన్ ఎన్ ఆప్షన్‌తో: సులువుగా వచ్చేదంతా ముందు తెచ్చుకుని మొండి భాగాలను పక్కన పెడుతుంది. రెండో విడత హైఫన్ డీ, హైఫన్ ఆర్3తో: ఆ మొండివాటిని మూడు విడతలు మళ్లీ అడుగుతుంది. రెండింటికీ ఒకే మ్యాప్‌ఫైల్ ఇవ్వాలి. మధ్యలో కరెంటు పోయినా ఎక్కడ ఆగిందో అది చెబుతుంది. ఆ మ్యాప్‌ఫైల్‌ను చచ్చే పెన్‌డ్రైవ్‌లోనే దాచే ధీరులూ ఉన్నారు. దింపే డిస్క్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే ఇమేజ్ 4 జీబీ దగ్గరే నిలిచిపోతుంది. ఒక ఫైల్‌కు అది అంతకుమించి చోటివ్వదు. లైనక్స్ ఫార్మాట్ ఎక్స్‌టీ4 మంచిది.

ఇక అంతా ఇమేజ్ నకలు మీదే. ఎఫ్ఎస్‌సీకే పండితుడి ముచ్చటా ఇక్కడే తీర్చొచ్చు. పార్టిషన్ (డ్రైవ్‌లోని విభాగం) పోతే టెస్ట్‌డిస్క్ అనే టూల్ వెతుకుతుంది. ఫార్మాట్ వివరాలుండే ఫ్యాట్32 బూట్ సెక్టార్‌కు 6వ సెక్టార్‌లో మామూలుగా నకలుంటుంది. అదీ కాకపోతే ఫైళ్లను వాటి ఆనవాళ్లతో ఏరే ఫోటోరెక్. ఫైళ్ల పేర్లు మాత్రం రావు: పురోహితుడూ పులిహోరా అందరూ ఎఫ్ అక్షరం, వెనక అంకెలు. ముక్కలు ముక్కలుగా రాసిన వీడియో బయటపడినా ఆడకపోవచ్చు.

దొరికినవి దాచుకోవడానికి సలహాదారులు ఫుట్‌పాత్ మీది చవక 2 టీబీ పెన్‌డ్రైవ్ కొనమంటారు. ఖాళీగా ఉండగానే దాన్ని నింపి చూసే ఎఫ్3రైట్, ఆ తర్వాత తిరిగి చదివి సరిచూసే ఎఫ్3రీడ్ నడిపితే అసలు సైజు తేలుతుంది. అది 32 జీబీయే అయితే, కాపీ పూర్తయిందని స్క్రీన్ మీద వచ్చినా మాంగల్యధారణ దాకానే ఉంటుంది. భోజనాలూ అప్పగింతలూ ఉండవు.