ముందు స్పెసిఫికేషన్ రాయండి, తర్వాత రేటు అడగండి

కంపెనీల పర్చేజ్ (కొనుగోళ్ల) విభాగంలో పనిచేసేవాళ్లకి ఏడాది చివర ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఈసారి రేటు ఎంత తగ్గించావు?" కొన్న వస్తువు ఎన్నాళ్లు నిలిచింది, దానివల్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి లైన్ ఎన్నిసార్లు ఆగింది అని అడిగే యాజమాన్యాలు చాలా తక్కువ. ఈ ఉద్యోగంలో నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

అట్టపెట్టెల సంగతే తీసుకోండి. ఇండెంట్‌లో, అంటే ఫలానాది కావాలని అడిగే చీటీలో, "5 ప్లై (అయిదు పొరల) బాక్స్, సైజు ఇంత" అని రాసి పంపేస్తారు. ఏ పొరకి ఎంత జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) కాగితం వాడాలి, బర్స్టింగ్ స్ట్రెంగ్త్ (చిరిగిపోకుండా తట్టుకునే ఒత్తిడి) ఎంతుండాలి, తేమ ఎంతవరకు ఒప్పుకుంటాం, ఇవేవీ ఉండవు. అలాంటి ఆర్డర్ మీద సప్లయర్‌ని రేటు కోసం పిండితే ఆయన కుదరదు అనడు. 180 జీఎస్ఎం వాడే చోట 140 వేస్తాడు, లోపలి పొరల్లో ఇంకా పలచటిది పెడతాడు. చూడ్డానికి పెట్టె అలాగే ఉంటుంది. అయిదు పొరలూ ఉంటాయి, ప్రింటింగూ బాగుంటుంది. తూకం వేస్తే గానీ తేడా తెలియదు, స్టోర్స్‌లో పెట్టెని తూచేవాళ్లెవరు? వానాకాలం వచ్చి గోడౌన్‌లో కాగితం చెమ్మ పీల్చుకున్నాక అడుగు వరుస పెట్టెలు కుంగిపోతాయి, పైవన్నీ ఒరిగిపోతాయి. పెట్టెకి మిగిలింది రూపాయో రెండు రూపాయలో. పాడైన సరుకు విలువ వేలల్లో. తిట్లు మాత్రం సప్లయర్‌కి. ఆర్డర్‌లో రాసిందే ఆయన ఇచ్చాడు కదా!

ఎల్1 పద్ధతే, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్లకి ఆర్డర్ ఇవ్వడమే, తప్పని నేననను. ప్రజల డబ్బుతో కొనేటప్పుడు దాని అవసరం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ రాకముందు టెండర్ బాక్స్ దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి పోటీవాళ్లని షెడ్యూల్ (టెండర్ పత్రం) వేయనివ్వని రోజులు పాత కాంట్రాక్టర్లకి బాగా తెలుసు. కానీ రేట్లు పోల్చాలంటే ముందు వస్తువులు ఒకటే అయ్యుండాలి. కేంద్రం 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 144వ రూల్ చెప్పేదీ ఇదే: నాణ్యత, రకం, పరిమాణం స్పష్టంగా రాయాలి, అవసరం లేని హంగులు చేర్చకూడదు. కొన్ని రకాల పనుల్లో నాణ్యతకి 30 శాతం వరకు మార్కులు ఇవ్వొచ్చని 2021 అక్టోబర్‌లో ఆర్థిక శాఖే వెసులుబాటు ఇచ్చింది.

తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ని చూడండి. 1995 నుంచి ప్రభుత్వ ఆస్పత్రులకి మందులు టెండర్ మీదే, తక్కువ రేటుకే కొంటోంది. అయితే వచ్చిన బ్యాచ్‌ల నుంచి శాంపిల్ తీసి, కంపెనీ పేరు కనపడకుండా కోడ్ నంబర్ వేసి ల్యాబ్‌కి పంపుతుంది. పాసైతేనే ఆస్పత్రులకి వెళ్తాయి. తక్కువ రేటు వాళ్లకి పనికొచ్చింది ఈ తనిఖీ ఉండబట్టే.

ఇంకోటి, ఫైల్లో మూడు కొటేషన్లు ఉంటే చాలనుకునేవాళ్లున్నారు. మూడింటికీ ఒకటే ఫాంట్, మూడింట్లోనూ ఒకే అక్షరం తప్పు ఉన్న ఫైలు నేను కళ్లారా చూశాను. పైవాళ్ల అనుమతి అక్కర్లేని అప్రూవల్ లిమిట్ దాటకుండా ఒకే కొనుగోలుని నాలుగు ముక్కలు చేసి నాలుగు పీవోలు (పర్చేజ్ ఆర్డర్లు) వేయడం కూడా ఇలాంటి పనే. ఇండెంట్ పెట్టినవాళ్లు, ఆర్డర్ ఇచ్చినవాళ్లు, సరుకు అందిందని జీఆర్ఎన్ (రసీదు) వేసినవాళ్లు, బిల్లు పాస్ చేసినవాళ్లు వేర్వేరు మనుషులైతే ఇందులో సగం అక్కడే ఆగిపోతుంది.

ఇక పేమెంట్. రేటు దగ్గర పైసా పైసా బేరమాడినవాళ్లే బిల్లు నూట ఇరవై రోజులు కూర్చోబెడతారు. చిన్న షెడ్డులో రెండు మెషీన్లు పెట్టుకుని నడిపేవాళ్లు ఆ డబ్బు కోసం బయట అప్పు తెస్తారు, ఆ వడ్డీ వచ్చే కొటేషన్‌లో మనకే కలుస్తుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, అదీ చక్రవడ్డీ. కానీ అడిగే ధైర్యం ఎవరికుంది? అడిగితే మళ్లీ ఆర్డర్ రాదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చిన, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన కింద, గడువు దాటిన బిల్లుని డబ్బు కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి; అందాకా దానిమీద పన్ను తగ్గదు. ఆ నిబంధన రాగానే "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్నవాళ్ల దగ్గర కొనడం తగ్గిద్దామా" అన్న మాట నేను మీటింగ్‌లో విన్నాను. టైముకి కడదాం అన్న ఆలోచన ముందు రాలేదు! అది తప్పని ఆ రోజూ గట్టిగా వాదించాను, మళ్లీ ఎవరైనా ఆ మాటంటే వాదిస్తాను.