ఒక్క రాత్రి బసకు ‘అన్నీ కలిపి’ ప్యాకేజీ దండగ

లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, బెంగళూరులోని మన తెలుగు కుటుంబాలు కనకపుర రోడ్డు, నంది కొండల వైపో, ఇంకాస్త ఓపికుంటే కూర్గ్, చిక్కమగళూరు వైపో రిసార్టులు వెతకడం మొదలుపెడతాయి. గది, మూడు పూటల తిండి, ఆటలు అన్నీ కలిపి ఒకే ధర కనిపిస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. జేబుకు చిల్లు పడేదీ అక్కడే.

ముందు గడియారం చూసుకోవాలి. చాలాచోట్ల చెక్ఇన్ మధ్యాహ్నం 2 గంటలకు, చెక్అవుట్ మర్నాడు 11కు. ఒక్క రాత్రి ఉంటే దక్కేది సాయంత్రం టీ పకోడీ, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్. మధ్యాహ్న భోజనం ప్యాకేజీలో ఉన్నా, శనివారం ట్రాఫిక్‌లో ఈదుకుంటూ మూడున్నరకు చేరితే బఫే ఎత్తేసి ఉంటారు. రిసార్టు వాళ్ల లెక్కలో టిఫిన్ ఒక్కటే ఉంటే సీపీ, దానికి ఒక పూట భోజనం కలిస్తే ఎంఏపీ, మూడు పూటలూ ఉంటే ఏపీ. ఒక్క రాత్రికి ఎంఏపీ చాలు. చుట్టుపక్కల హోటలన్నదే లేని కాఫీ తోటలోనో అడవి అంచునో రెండు మూడు రాత్రులు ఉండేవాళ్లకు మాత్రం ఏపీయే నయం. అక్కడ ప్లేటు ప్లేటుకూ విడిగా ఆర్డర్ ఇస్తూ పోతే బిల్లు ప్యాకేజీ ధరను ఇట్టే దాటేస్తుంది. పిల్లలకు ఈత కొలనే ముఖ్యమైతే అసలు గదే అక్కర్లేదు. డే ఔటింగ్ టికెట్ తీసుకుంటే సరి. అయితే చాలా కొలనుల్లో నైలాన్ దుస్తులు ఉంటేనే దిగనిస్తారు. కాటన్ నిక్కర్లతో వెళ్తే అక్కడి దుకాణంలో అప్పటికప్పుడు కొనక తప్పదు.

తర్వాతిది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, ఆపైన 18 శాతం. 7,400 గదికి పన్నుతో కలిపి 7,770 అవుతుంది. 7,600 గదికి 8,968. ధరలో తేడా 200, కట్టేదాంట్లో తేడా 1,198. బుకింగ్ యాప్‌లలో మొదట కనిపించే ధర చాలాసార్లు పన్ను లేనిదే కాబట్టి ఈ గీత కంటికి ఆనదు. గదీ భోజనాలూ కలిపి ఒకే మొత్తంగా బిల్లు వేస్తే 6,500 గది కూడా గీత దాటే అవకాశం ఉంది. పన్నులు, అదనపు మంచం, పిల్లల చార్జీ అన్నీ కలిపి మొత్తం ఎంతో, పిల్లల్ని ఏ వయసు వరకు ఉచితంగా రానిస్తారో వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. బిల్లులో సర్వీస్ చార్జ్ కనిపిస్తే తీసేయమనండి. అది బలవంతంగా వేయకూడదన్న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. వినకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు.

శనివారం రాత్రి బదులు ఆదివారం రాత్రి దిగితే ధర సాధారణంగా బాగా తగ్గుతుంది. సోమవారం సెలవు దొరికేవాళ్లకు ఇంతకన్నా సులువైన పొదుపు లేదు. కాకపోతే జనం పలచబడితే కొన్నిచోట్ల బఫే తీసేసి నాలుగు రకాలతో సరిపెడతారు. కొలను శుభ్రం చేసే పనీ వారం మధ్యలోనే పెట్టుకుంటారు. ఆ రెండూ ముందే అడిగి తెలుసుకోవాలి.

మాల్దీవులకు వెళ్లేవాళ్ల లెక్క వేరు. దీవిలో బయట తినే వీలే ఉండదు కాబట్టి అన్నీ కలిపిన ప్యాకేజీ అక్కడ నిజంగానే పనికొస్తుంది. కానీ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే జాగ్రత్త. 10 శాతం సర్వీస్ చార్జ్, దానిమీద 17 శాతం పర్యాటక పన్ను కలిసి 1,000 డాలర్లు కాస్తా 1,287 అవుతాయి. రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. దంపతులకు మూడు రాత్రులకు 72 డాలర్లు. దూరపు దీవులకు తీసుకెళ్లే సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మాలేలో సాయంత్రం దిగే విమానం టికెట్ చవగ్గా దొరికిందని కొంటే, ఆ రాత్రి అక్కడే హోటల్ ఖర్చు పడుతుంది, ప్యాకేజీలో ఒక రాత్రి వృథా అవుతుంది. సాయంత్రం విమానమే కుదిరితే, స్పీడ్‌బోటు వెళ్లే దగ్గరి దీవిని ఎంచుకుని, చీకటి పడ్డాక కూడా బోటు ఉంటుందో లేదో రిసార్టును అడిగాకే డబ్బు కట్టండి.