తాళం గదికి, దండ ఫ్లెక్సీకి

నల్లగొండ గడియారం సెంటర్‌లో ఆ ఫ్లెక్సీ ఇంకా దించలేదు. చెస్ పోటీల్లో గెలిచి వచ్చిన పదకొండేళ్ల పాప మధ్యలో, చుట్టూ పద్నాలుగు మంది నాయకులు. పాప ముఖం కన్నా వాళ్ల ముఖాలే పెద్దవి. ఏనుగు ఎటు నడుస్తుందో, గుర్రం ఎలా దూకుతుందో ఆ పాపకు నేర్పిన సారు అందులో ఎక్కడా లేరు. ఫ్లెక్సీ కట్టిన వారం తిరక్కుండానే, ఆయన ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు ఆట నేర్పిన గదికి తాళం పడింది. పొగిడిన నోళ్లూ, తాళం వేయించిన నోళ్లూ వేరు కావు. మాకు మండుతున్నది అక్కడే.

గది పాతబడిందని, పైకప్పు పెచ్చులు ఊడుతున్నాయని, పిల్లలకేమైనా అయితే జవాబు ఎవరు చెప్పాలని అధికారులు అంటున్నారు. అడగాల్సిన మాటే. అయితే ఇప్పుడదే గదిలో పాత బీరువాలు, ఫైళ్ల కట్టలు పెట్టారు. వాటి కోసం రోజూ ఒక అటెండర్ లోపలికి వెళ్లొస్తున్నాడు. పిల్లల మీద కూలే పైకప్పు అటెండర్ మీద కూలదా?

ఆ గదిలో ఏం జరిగేదో చూడనివాళ్లకు అది ఉత్త గదే. చాపల మీద రోల్ బోర్డులు పరిచేవారు. నల్ల ఏనుగు పోయిన సెట్టులో అమృతాంజన్ సీసాయే ఏనుగు. ఎత్తు తట్టగానే చెయ్యి చాపే పిల్లలకు సారు చెప్పేది ఒక్కటే: ‘చేతులు తొడల కింద పెట్టుకో.’ నాలుగెత్తుల్లో ఆట కట్టించే చిట్కా యూట్యూబ్‌లో చూసి వచ్చినవాణ్ని తిట్టేవారు కాదు. ఎదుటివైపు కూర్చోబెట్టి, ఆ చిట్కాను నువ్వే ఆపి చూపించు అనేవారు. ఓడిన ఆటను ముందు రాయించేవారు, గెలిచింది తర్వాత. ఎందుకు ఓడావంటే ‘టైం సరిపోలేదు’ అని రాసిన నోట్‌బుక్ తిరిగి వచ్చేసేది. ఏ ఎత్తు దగ్గర టైమంతా పోయిందో రాసుకురావాలి. ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేవారు, లేనివాళ్లను ఆయన అడిగింది లేదు.

ఆయన శిష్యుల్లో గ్రాండ్‌మాస్టర్ ఎవరూ లేరు. ఇదీ ఒక అభ్యంతరంగా ఓ పెద్దమనిషి మా దగ్గర అన్నారు కాబట్టి చెబుతున్నాం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే పాత శిష్యుడు మా విలేకరితో అన్న మాట వినండి: ‘పెద్ద చెక్కు మీద సంతకం పెట్టే ముందు ఇప్పటికీ చెయ్యి ఎనక్కి తీసుకుంట. సారు ఎనక నిలబడ్డట్టే ఉంటదన్నా.’ ఆ గదికి వెళ్లడం మానేసి అతనికి పదిహేనేళ్లయింది. ఇది ఏ ర్యాంకింగ్‌లోకీ ఎక్కదు.

పెద్ద పేర్లే కావాలా? కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆట నేర్పిన తండ్రి అశోక్‌కు, శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు దక్కింది 2006లో. గుకేశ్ 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాకే, తెర వెనుక సన్నాహాల్లో మన తెలుగు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడని చాలామందికి తెలిసింది. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చెప్పే ప్రపంచ రేటింగ్ జాబితాలో 2024 డిసెంబర్‌లో 2801కి చేరిన ఇరిగేశి అర్జున్ ఆట మొదలుపెట్టింది హనుమకొండలోని ఒక అకాడమీలో. ఆ రోజుల్లో దాని తలుపుకు కూడా ఇలాగే ఎవరో తాళం వేసి ఉంటే? హనుమకొండ ఎక్కడో లేదు. నల్లగొండలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం.

ఈ రెండు నాల్కల ధోరణి చెస్‌తో ఆగదు. ఇవాళ దీన్ని ఎవరూ అడగకపోతే రేపు పాలమూరులో వాలీబాల్ కోర్టు పోతుంది, ఎల్లుండి సూర్యాపేటలో కబడ్డీ మట్టి మీద సిమెంటు పడుతుంది. ప్రతిచోటా ముందు ఒక ఫ్లెక్సీ లేస్తుంది. గెలిచిన బిడ్డ మనది, నేర్పినవాడు మాత్రం పరాయివాడు!

తప్పు మాకూ ఉంది. పాప గెలిచిన వార్త మా జిల్లా పేజీలోనూ వచ్చింది. ఫొటోలో సారు ఎడమ అంచున ఒక భుజం మేరకే మిగిలారు. జాగా కోసం కత్తిరించింది మా డెస్కే.

ఇప్పుడు ఆట ఒక టైలర్ షాపు ముందు అరుగు మీద నడుస్తోంది. షాపాయన కూతురూ ఆ పిల్లల్లో ఒకతి. గాలికి బోర్డు లేస్తుంటే మూలల్లో దారపు ఉండలు పెడుతున్నారు. వాన చినుకు పడితే ఆ పూటకు ఆట బంద్.

త్వరలో పాపకు సన్మానమట. సారును కూడా పిలుస్తారట, శాలువా కప్పుతారట. అయ్యా, ఆయన దగ్గర శాలువాలు చాలానే ఉన్నాయి. చలికాలం చాపల మీద పరిచి పిల్లలను కూర్చోబెట్టింది వాటి మీదే. బీరువాలు బయటికి తీయించి, పైకప్పు బాగుచేయించి, తాళంచెవి ఆయన చేతికిచ్చి అప్పుడు మైకు పట్టుకోండి. అది చేతకాకపోతే ఆయన పక్కన నిలబడి ఫొటో దిగకండి. దిగినా, ఈసారి మేం కత్తిరించేది ఆయన్ను కాదు.