వేళ్లు తెల్లబడితే రక్తం చిక్కబడినట్టు కాదు

"చలికి వేళ్లు తెల్లబడుతున్నాయా? రక్తం చిక్కబడింది. మరుగుతున్న నీళ్లలో చేతులు పెట్టండి. లేదంటే చర్మం రాయిలా గట్టిపడుతుంది, అదే కుష్టుకి మొదలు. దీని మీద పరిశోధించి డాక్టర్లు ప్రొఫెసర్లయ్యారు గానీ రోగికి ఒరిగిందేమీ లేదు." విజయనగరంలో మా చుట్టాల గ్రూపులన్నిటిలో తిరుగుతున్న మెసేజ్ ఇది. మా పిన్ని కూడా "నిజమేనా?" అని పంపింది. అక్కడే నాకు టెన్షన్.

ఈ ధనుర్మాసంలోనే వాకిట్లో ముగ్గు వేస్తుంటే పిన్నికి రెండు వేళ్లు తెల్లగా అయిపోయాయి. ముగ్గుపిండి అనుకుని కడుక్కుంది, పోలేదు. కాసేపటికి నీలం తిరిగి, తర్వాత ఎర్రబడి మండాయి. చలి తగలగానే వేళ్ల చివర సన్నటి రక్తనాళాలు బిగుసుకుపోతే ఇలా అవుతుంది. రక్తం చిక్కదనంతో పనిలేదు. 1862లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో పేరే దీనికి పెట్టారు. చాలామందికి అంతటితో సరి. కొద్దిమందిలో మాత్రం ఇది స్క్లెరోడెర్మా అనే, చర్మం గట్టిపడే జబ్బుకి తొలి గుర్తు.

మరుగుతున్న నీళ్లయితే అసలొద్దు. మొద్దుబారిన వేళ్లకి కాలేదీ తెలీదు. గోరువెచ్చటి నీళ్లు చాలు. చుట్ట మానాలి, మనవైపు అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) అమ్మమ్మలకీ ఇదే మాట.

కుష్టు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. అది బాక్టీరియాతో వచ్చేది, మచ్చల దగ్గర స్పర్శ పోతుంది. స్క్లెరోడెర్మాలో ఒంటి రక్షణ వ్యవస్థే దారి తప్పుతుంది. ఎవరికీ అంటదు.

నాకు ఒళ్లు మండింది మెసేజ్‌లో డాక్టర్ల మీద అన్న చివరి మాటకి. స్క్లెరోడెర్మాలో ఒక్కసారిగా బీపీ పెరిగి కిడ్నీలు పాడైతే ఒకప్పుడు ప్రాణం దక్కడమే అరుదు. 1990లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఏసీఈ ఇన్హిబిటర్ అనే రకం బీపీ మాత్రలు వాడినవారిలో ఏడాది తర్వాత 76 శాతం బతికున్నారు, వాడనివారిలో 15 శాతమే. ఇది రోగికి ఒరగడం కాదా? లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో ఈ జబ్బు మీదే ఏళ్ల తరబడి పనిచేసిన రుమటాలజిస్టు (కీళ్లవాత జబ్బుల డాక్టరు) కారల్ బ్లాక్ 2002లో అక్కడి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌కి ప్రెసిడెంట్ అయ్యారు. పదవులూ వచ్చాయి, నిజమే. రోగుల్ని చూస్తూనే వచ్చాయి.

మెసేజ్‌లో లేని ప్రమాదం ఇంకోటుంది. ఒళ్లునొప్పులకని ఊళ్లో వేసే స్టెరాయిడ్ సూది. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లకి పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఆ కిడ్నీ ముప్పునే తెచ్చిపెట్టొచ్చు. కిడ్నీ పోతే ఏమవుతుందో పక్క జిల్లా ఉద్దానం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పిన్నికి రక్షణ వ్యవస్థ దారి తప్పిందేమో చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష రాశారు, రిపోర్టు గురువారం వస్తుంది. ఈలోగా ముగ్గు మా తమ్ముడు వేస్తున్నాడు. చుక్కలు రోజూ తప్పుతున్నాయి.