యోసెమిటీ దర్శనాన్ని త్వరగా ముగించే విధానం

కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ వనం నిర్మాణంలో జరిగిన జాప్యం గురించి ఇంతవరకూ ఎవరూ గట్టిగా అడగకపోవడం విచారకరం. గ్రానైట్ కొండల నడుమ నది తొలిచిన లోయను వెడల్పు చేసే పనిని హిమానీనదాలు, అంటే మెల్లగా కదిలే మంచు ప్రవాహాలు, దాదాపు పది లక్షల ఏళ్ల కిందట చేపట్టి, మధ్యమధ్య మాయమవుతూ, మళ్లీ వస్తూ, చివరికి సుమారు 15 వేల ఏళ్ల కిందట ఖాళీ చేసి వెళ్లాయి. అదే మనవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో తెల్లవారుజామున లేచి, పులిహోర కలుపుకొని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకొని బయల్దేరితే, ఆ లోయ మొత్తాన్ని చూసేసి రాత్రి పడుకునే వేళకు ఇల్లు చేరతారు. ఎవరి పనితీరు మెరుగైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో మనకు సిద్ధాంతపరమైన అండ కూడా ఒకప్పుడు ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో కాలిఫోర్నియా రాష్ట్రానికి భూవిజ్ఞాన అధికారిగా ఉన్న జోసయా విట్నీ, ఈ లోయ ఏదో ఉత్పాతంలో ఒక్కసారిగా అడుగు జారి కిందికి కుంగడం వల్ల ఏర్పడిందని బల్లగుద్ది చెప్పాడు. వారాంతపు యాత్రికుడి స్వభావానికి ఇంతకన్నా నప్పే వివరణ లేదు. కానీ జాన్ మ్యూర్ అనే ఆసామి ఆ కొండల్లో ఏళ్ల తరబడి తిరిగి, రాళ్ల మీది గీతలను, నునుపుదేలిన బండలను చూపించి, ఇదంతా మంచు పనేనని వాదించాడు. విట్నీ అతణ్ణి గొర్రెలకాపరి అని కొట్టిపారేశాడు. 1930లో భూవిజ్ఞాని ఫ్రాంస్వా మాథెస్ వెలువరించిన సమగ్ర అధ్యయనం నది తవ్విందని, మంచు దిద్దిందని తేల్చడంతో మ్యూర్ పక్షమే చాలావరకు నెగ్గింది. తీరిక ఉన్నవాళ్ల మాటే చెల్లుబాటు కావడం చరిత్రలో కొత్తేమీ కాదు.

ఈ నష్టాన్ని పూడ్చడానికే కాబోలు, 1933లో లోయలోకి వెళ్లే దారిలో వావోనా సొరంగాన్ని ప్రారంభించారు. సొరంగం దాటగానే ఎడమవైపు నేల నుంచి మూడు వేల అడుగులు నిలువుగా లేచిన ఎల్ కాపిటన్ శిల, కుడివైపు బ్రైడల్‌వెయిల్ జలపాతం, దూరాన హాఫ్ డోమ్ శిఖరం ఒకే చూపులో కనిపిస్తాయి. అక్కడి గోడ దగ్గర జనం తిరుమల గర్భాలయం ముందు కదిలినట్టు కదులుతుంటారు. తేడా అల్లా, ఇక్కడ ‘జరగండి, జరగండి’ అనేవాళ్లు దేవస్థానం సిబ్బంది కాదు, వెనక సెల్‌ఫోన్ పట్టుకొని నిలబడినవాళ్లు. నా దృష్టిలో వనదర్శనం ఇక్కడితో శాస్త్రోక్తంగా పూర్తయినట్టే. ఇంకా ముందుకు వెళ్లడం ఛాదస్తం.

ఆ ఛాదస్తం ఉన్నవాళ్లు హాఫ్ డోమ్ ఎక్కుతామంటారు. సముద్రమట్టానికి 8,839 అడుగుల ఎత్తున్న ఆ శిఖరం మీదికి చివరి నాలుగు వందల అడుగులు ఇనుప తాళ్లు పట్టుకొని పాకాలి. అందుకు ముందుగా లాటరీలో అనుమతి గెలుచుకోవాలి. హెచ్1బీ వీసా కోసం ఇప్పటికే ఒక లాటరీలో నలిగిన మనవాళ్లు, పర్వతం మీద ప్రాణాపాయం కోసం రెండో లాటరీలో పాల్గొంటున్న తీరు ప్రశంసనీయం. కింద ఉండిపోయిన పెద్దవాళ్లు మాత్రం, ఆ శిఖరంలో మిగతా సగం ఏమైందని న్యాయంగానే అడుగుతారు. ఆ సగం పెద్దగా ఎన్నడూ లేదని, నిట్టనిలువు పగుళ్ల వెంట ఒక పక్క విరిగిందే తప్ప మంచు ఆ శిఖరాన్ని ఏనాడూ పూర్తిగా కప్పలేదని భూవిజ్ఞానులు చెబుతారు. అంత సమయం తీసుకున్న హిమానీనదాలు తీరా పైదాకా ఎక్కనే లేదన్నమాట.

ఇక రాత్రి బస చేసే సాహసులది మరో గాథ. చీకటి పడ్డాక తినుబండారాలే కాదు, టూత్‌పేస్టు, సబ్బు వంటి వాసన గల ప్రతి వస్తువునూ కారులోంచి తీసి ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలని నియమం. ఇది చాదస్తం కాదు. ఒక్క 1998లోనే అక్కడ ఎలుగుబంట్లతో పదిహేను వందలకు పైగా ఘటనలు నమోదయ్యాయి, అవి కార్ల తలుపులను వంచి లోపలివి తినేశాయి. అయితే గుంటూరు నుంచి మూడు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కస్టమ్స్ అధికారి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పి తెచ్చుకున్న ఆవకాయను, అడవిలో ఒక పెట్టెకు అప్పగించి నిద్రపోవాలని ఏ తల్లికి చెప్పగలం? ఆమె ఆందోళన ఎలుగుబంటి గురించి కాదు, పక్క గుడారంవాళ్లు చూస్తారేమోనని.

జలపాతాల నిర్వహణలోనూ లోపాలున్నాయి. 2,425 అడుగుల యోసెమిటీ జలపాతం కొండల మీది మంచు కరిగే మే నెలలో ఉరకలు వేస్తుంది; ఆగస్టు వచ్చేసరికి తరచుగా ఎండిపోతుంది. అమ్మానాన్నలు మేలోనే దిగినా, కొడుకుకు సెలవు దొరికేది ఆగస్టులోనే కనుక, మన కుటుంబాలు అనేకం తడి మరక ఉన్న గోడ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నాయి. మోటారు పెట్టి నీళ్లు వదలాలని కోరితే వింతేమీ కాదు. యాత్రికుల వినోదం కోసం లోయ అంచున ఉన్న గ్లేసియర్ పాయింట్ అనే కొండకొమ్ము మీదినుంచి రాత్రిళ్లు మండే నిప్పులను లోయలోకి తోసే ఆచారం 1968 దాకా కొనసాగింది. నిప్పుకు లేని అభ్యంతరం నీటికేమిటి?

నిజానికి హిమానీనదాన్ని చూడాలంటే అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు. వనంలో మిగిలిన రెండు ముఖ్యమైన హిమానీనదాల్లో లయెల్ కదలడం మానేసిందని 2013లో నిర్ధారించారు. మెక్లూర్ మాత్రం అప్పటికి ఇంకా రోజుకు సుమారు అంగుళం చొప్పున కదులుతూనే ఉంది. ఆ రెండింటి నీళ్లూ తువాలమీ నదిలో కలిసి, అదే వనంలోని హెచ్ హెచీ లోయకు చేరతాయి. హిమానీనదాలు చెక్కిన ఆ రెండో లోయను 1913 నాటి చట్టంతో ఆనకట్ట కట్టి ముంచేశారు. ఆ జలాలు గొట్టాల గుండా శాన్‌ఫ్రాన్సిస్కోకు వస్తాయి. కనుక ఆ నగరంలో ఉన్న తెలుగు కుటుంబాలు వంటింట్లో కుళాయి విప్పి, పెద్దవాళ్లను దాని పక్కన నిలబెట్టి, ఒక ఫొటో తీసి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేయవచ్చు. పార్కింగ్ సమస్య ఉండదు, భోజనం వేడిగా దొరుకుతుంది.